ఊరికి కావలసింది నైట్ హాల్ట్ విమానం

(బెంగళూరులో తెలుగువాళ్ల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది. వక్త ఇరవై ఏళ్లకు పైగా చిన్న విమాన సంస్థల్లో షెడ్యూలింగ్, ఎయిర్‌పోర్టు విభాగాల్లో పనిచేశారు.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? సరే.

మొదలుపెట్టే ముందు ఒక మాట అడుగుతాను. ఇక్కడున్నవాళ్లలో పల్లెటూళ్లలో పుట్టి పెరిగినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అయితే నైట్ హాల్ట్ బస్సు అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. బెంగళూరులోనే పుట్టిన పిల్లల కోసం చెబుతాను. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. రాత్రి చివరి ట్రిప్పుకి ఆర్టీసీ బస్సు వచ్చేది. తిరిగి డిపోకి పోదు. ఊళ్లోనే ఆగుతుంది. డ్రైవరు, కండక్టరు బడి వరండాలో పడుకుంటారు. ఎవరో ఒకరింటి నుంచి వాళ్లకు అన్నం వస్తుంది. తెల్లవారి ఐదింటికి బస్సు బయల్దేరుతుంది. పాలవాళ్లు, కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు, కోర్టు వాయిదా ఉన్నవాళ్లు, ఆస్పత్రికి పోయేవాళ్లు, అందరూ ఆ బస్సుకే. పగటి ట్రిప్పు ఒకటి తీసేస్తే ఊళ్లో ఎవరూ పెద్దగా మాట్లాడేవాళ్లు కాదు. నైట్ హాల్ట్ తీసేస్తే మాత్రం ఊరంతా డిపో మేనేజరు దగ్గరికి పోయేది.

ఎందుకు? ఆ బస్సు ఊరి టైముకు నడుస్తుంది కాబట్టి. మిగతా బస్సులన్నీ టౌను టైముకు నడుస్తాయి. ఈ ఒక్కటి ఊరి టైముకు నడుస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇవాళ నేను చెప్పేదంతా ఆ బస్సు గురించే. బస్సు బదులు విమానం, అంతే.

చిన్న రూటు అంటే ఏది? బెంగళూరు నుంచి హుబ్బళ్లి, కడప, కర్నూలు, తిరుపతి, కలబురగి. గాల్లో ఉండేది గంట, గంటలోపు. ఇలాంటి రూట్లో చిన్న విమాన కంపెనీకి పోటీ ఎవరు అని అడిగితే అందరూ ఇంకో విమాన కంపెనీ పేరు చెబుతారు. కాదండీ. మొదటి పోటీ మడివాళలో, కళాసిపాళ్యంలో రాత్రి పదింటికి బయల్దేరే స్లీపర్ బస్సు. కడపకు రోడ్డు మీద సుమారు 250 కిలోమీటర్లు. నిద్రపోయి లేస్తే ఊళ్లో ఉంటారు. లాడ్జి ఖర్చు లేదు, పగలు వృథా కాదు.

ఇంకో సంగతి మీ అందరికీ అనుభవమే. 2008 మే 24 దాకా మన విమానాశ్రయం హెచ్‌ఏఎల్‌లో, ఊరి మధ్యలో ఉండేది. ఆ రోజు నుంచి దేవనహళ్లికి పోయింది. కోరమంగల నుంచో ఎలక్ట్రానిక్ సిటీ నుంచో వాయు వజ్ర బస్సెక్కి, హెబ్బాళ దాటి అక్కడికి చేరి, చెకిన్, సెక్యూరిటీ, మళ్లీ ఎదురుచూపు. విమానంలో కూర్చునేసరికి ఎంతసేపయింది? మూడు గంటలు, ఒక్కోసారి మూడున్నర. దూరపు ఊరికి పోయేవాళ్లకి అది పెద్ద భారం కాదు. ఢిల్లీకి రైలంటే ఒకటిన్నర రోజు. కానీ గంట ప్రయాణానికి మూడు గంటల ముందస్తు అంటే? బస్సే నయం అనిపిస్తుంది. దానికి తోడు 2023 జూన్ నుంచి బెంగళూరు–ధార్వాడ్ వందే భారత్ వచ్చింది, హుబ్బళ్లి మీదుగా. పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నానికి దిగొచ్చు.

అయినా ఈ రూట్లలో విమానం నడుపుదామని వచ్చినవాళ్లకు కొదవ లేదు. 1981లో ప్రభుత్వమే వాయుదూత్ పెట్టింది, చిన్న ఊళ్ల కోసమే. 1990లలో ప్రైవేటువాళ్లకు తలుపులు తెరిచాక చెన్నై నుంచి ఎన్‌ఈపీసీ వచ్చింది, 1997కల్లా పోయింది. 2003 ఆగస్టులో ఇక్కడే, మన బెంగళూరులోనే, కెప్టెన్ గోపీనాథ్ గారు ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టారు. ఏటీఆర్ అనే చిన్న పంకాల విమానాలతో హుబ్బళ్లి, మంగళూరు, విజయవాడ లాంటి ఊళ్లకు నడిపారు. విమానం ముఖం చూడని మనుషుల్ని విమానం ఎక్కించిన మనిషి ఆయన. ఆ గౌరవం నాకు ఎప్పటికీ ఉంటుంది. అది 2008లో కింగ్‌ఫిషర్‌లో కలిసింది, 2012లో కింగ్‌ఫిషరే ఆగిపోయింది. 2005లో చెన్నై వైపు పారామౌంట్, 2010 దాకా. 2013లో మన విజయవాడ నుంచి ఎయిర్ కోస్తా, 2017 ఫిబ్రవరి దాకా. 2015లో బెంగళూరు నుంచి ఎయిర్ పెగాసస్, 2016 జులై దాకా. అదే 2015లో హైదరాబాద్ నుంచి ట్రూజెట్, 2022 దాకా. మూడేళ్లు, ఐదేళ్లు, ఏడాది. ఇన్ని కంపెనీలు పోయాయంటే అందరూ తెలివితక్కువవాళ్లా? కాదు. నేను వాళ్లలో కొందరి దగ్గర పనిచేశాను. రాత్రింబవళ్లు కష్టపడ్డ మనుషులు వాళ్లు.

హుబ్బళ్లి రూటునే తీసుకుందాం, మనం హుబ్లీ అంటాం కదా. 2015 ఏప్రిల్ 12న ఎయిర్ పెగాసస్ మొట్టమొదటి విమానం ఎక్కడికి ఎగిరింది? బెంగళూరు నుంచి హుబ్బళ్లికి. 2019 జనవరి 25న స్టార్ ఎయిర్ మొట్టమొదటి విమానం ఎక్కడికి? అదీ హుబ్బళ్లికే. అందరి కన్నూ దాని మీదే. ఎందుకంటే అక్కడ వ్యాపారముంది, రైల్వే జోన్ ఆఫీసు ఉంది, పక్కనే ధార్వాడ్‌లో హైకోర్టు బెంచి ఉంది, యూనివర్సిటీ ఉంది. ఉదయం పోయి సాయంత్రం వచ్చేసే మనుషులున్నారు. చిన్న రూటుకు ప్రాణం వాళ్లే.

ఈ రెండు కంపెనీల రాకకు మధ్య ఏం జరిగింది? హుబ్బళ్లి వాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్న కోరిక తీరింది. రన్‌వే పొడిగించారు, కొత్త టెర్మినల్ కట్టారు. 2018లో ఇండిగో, స్పైస్‌జెట్ వచ్చాయి. ఊరు సంబరపడింది, పడాల్సిందే. కానీ చిన్న కంపెనీ వైపు నుంచి చూడండి. రన్‌వే చిన్నగా ఉన్నంతకాలం పెద్ద విమానం దిగలేదు, ఆ రూటు చిన్నవాడిది. రన్‌వే పెరగ్గానే పెద్దవాడు వచ్చేస్తాడు. చిన్నవాడు నాలుగేళ్లు కష్టపడి జనానికి విమానం అలవాటు చేస్తాడు, అలవాటైన జనం కోసం పెద్దవాడు వస్తాడు.

పెద్దవాడు టికెట్ తక్కువకు ఇస్తాడు కాబట్టి గెలుస్తాడు అనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కొన్నేళ్లు షెడ్యూళ్లు వేశాక తెలిసింది, చిన్న రూట్లో టికెట్ ధర రెండో సంగతి. మొదటిది టైము. టైము, టైము, టైము. రోజుకు మూడు సార్లు పోయేవాడికి, ఒక్కసారి పోయేవాడికి మధ్య జనం మూడుకు ఒకటి చొప్పున పంచుకోరు. మూడు సార్లు పోయేవాడి దగ్గరికి అంతకంటే ఎక్కువమంది పోతారు. మీటింగు ముందే అయిపోతే ముందు విమానం, ఆలస్యమైతే తర్వాతి విమానం. ఆ ధైర్యం ఒక్క విమానం వాడు ఇవ్వలేడు. పైగా హుబ్బళ్లిలో ఎక్కి బెంగళూరులో మారి ఢిల్లీ పోయే మనిషికి పెద్దవాడు ఒకే టికెట్ ఇస్తాడు, సామాను నేరుగా ఢిల్లీలో దిగుతుంది. చిన్నవాడి విమానం ఆలస్యమైతే ఆ ఢిల్లీ టికెట్ పోయినట్టే.

స్టార్ ఎయిర్ నిలబడింది కదా అంటారా? నిలబడింది. ఎలా నిలబడింది? యాభై సీట్ల విమానంతో మొదలుపెట్టి, పెద్దవాళ్లు చూడని ఊళ్ల జతల్ని వెతుక్కుంది. 2019 నవంబరులో కలబురగి విమానాశ్రయం తెరిస్తే అక్కడికి వెళ్లింది. బెళగావి నుంచి ఇండోర్ లాంటి ఊళ్లకు వేసింది. అటు వెళ్లాలంటే అంతకుముందు రెండు మూడు బండ్లు మారాలి. ఎదురుగా నిలబడి కొట్లాడకుండా, ఎవరూ లేని పొలంలో దున్నుకుంది. అది నాకు నచ్చిన పని.

అసలు బాధ ఇంకోటి. పెద్దవాడితో చిన్నవాడి పోటీ ఒక రకం. ఇద్దరు చిన్నవాళ్లు ఒకే రూటు మీద పడటం ఇంకా ఘోరం. ఊరికే లెక్క కోసం చెబుతాను, ఇది ఏ కంపెనీ లెక్కా కాదు. డెబ్బై సీట్ల విమానం. యాభై సీట్లు నిండితే ఖర్చు వస్తుందనుకోండి. ఊరి నుంచి రోజుకు అరవైమంది వస్తున్నారు. ఒక్క కంపెనీ ఉంటే నాలుగు డబ్బులు మిగులుతాయి. ఇంకో కంపెనీ వచ్చింది. చెరి ముప్పై. ఇద్దరికీ నష్టం. అప్పుడేం చేస్తారు? ధర తగ్గిస్తారు. ధర తగ్గిస్తే యాభై సీట్లు చాలవు, అరవై ఐదు నిండాలి. జనం ఇంకో పదిమంది పెరుగుతారేమో, రెట్టింపు కారు కదా! ఇద్దరూ చేస్తున్నది ఒకే పని, ఒకరి కుర్చీ కింద ఇంకొకరు మంట పెట్టుకుంటున్నారు.

ధర తగ్గినా తగ్గని ఖర్చులున్నాయి. విమానం కంపెనీది కాదు, లీజుకు తెచ్చింది, అద్దె డాలర్లలో కట్టాలి. విమానం ఎగిరినా నేల మీదున్నా నెల తిరిగితే కట్టాలి. ఇంధనానికి ముందే డబ్బు పెట్టాలి. ప్రభుత్వం చిన్న విమానాలకు రెండు మేళ్లు చేసింది, ఒప్పుకోవాలి. 80 సీట్ల లోపు విమానానికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాల్లో ల్యాండింగ్ చార్జీ లేదు. 40,000 కిలోల లోపు బరువున్న విమానానికి ఇంధనం మీద అమ్మకం పన్ను బాగా తక్కువ. ఈ రెండింటి మీదే చిన్న కంపెనీలు లెక్కలు వేసుకున్నాయి. 2017 డిసెంబరులో ఇండిగో కూడా ఏటీఆర్‌లు నడపడం మొదలుపెట్టింది, 78 సీట్లవి. అంతే, ఆ రెండు మేళ్లూ పెద్దవాడికీ దక్కాయి.

ఏటీఆర్ గురించి ఒక్క మాట, చాలామందికి భయం ఉంది కాబట్టి. ఎక్కేటప్పుడు 'ఇదేంటి, రెక్కలకు పంకాలున్నాయి' అని వెనక్కి చూసేవాళ్లు. అది పాత విమానం కాదమ్మా. లోపల ఉండేది జెట్‌లో ఉన్నలాంటి టర్బైనే, అది పంకాను తిప్పుతుంది. జెట్ గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లు పోతే ఇది ఐదు వందలు పోతుంది. కానీ మూడు వందల కిలోమీటర్ల రూట్లో జెట్ పైకెక్కడానికి, దిగడానికే సగం సమయం పోతుంది. తేడా పది పదిహేను నిమిషాలు. ఇంధనం మాత్రం చాలా తక్కువ తాగుతుంది. చిన్న రూటుకు సరైన బండి అదే.

ఇప్పుడు నా కళ్ల ముందు జరిగింది ఒకటి చెబుతాను. కంపెనీ పేరు చెప్పను, ఊరి పేరు కూడా చెప్పను. మేం పొద్దున ఏడున్నరకు బెంగళూరు నుంచి ఒక ఊరికి వేశాం. కొన్ని నెలలకు ఇంకో చిన్న కంపెనీ వచ్చి ఏడూ యాభైకి వేసింది. ఇరవై నిమిషాల తేడా. నేను పైవాళ్లకు చెప్పాను, మన విమానాన్ని సాయంత్రానికి మారుద్దాం, చీకటి పడకముందే దించి రాత్రి ఆ ఊళ్లోనే ఆపుదాం, పొద్దున అక్కడి నుంచి బయల్దేరదాం అని. వాళ్లు బెంగళూరు నుంచి పోయే జనాన్ని తీసుకుంటారు, మనం ఊరి నుంచి వచ్చే జనాన్ని తీసుకుందాం అన్నాను. వినలేదు. 'మారిస్తే మనం భయపడ్డామనుకుంటారు' అన్నారు. ధర తగ్గించారు. వాళ్లూ తగ్గించారు. మాకు స్పేర్ విమానం లేదు. జనవరిలో దేవనహళ్లిలో పొగమంచు పట్టి పొద్దుటి విమానం రెండు గంటలు ఆలస్యమైతే ఆ రోజు నాలుగు ట్రిప్పులూ ఆలస్యం, చివరిది రద్దు. ఆ ఊళ్లో చీకటి పడితే దిగే సౌకర్యం లేదు.

ఆ ఊరి నుంచి ఒక మోటార్ల షాపాయన వచ్చేవాడు. బోరు మోటార్లు, స్టార్టర్లు. ప్రతి మంగళవారం మా విమానంలో వచ్చి, ఎస్పీ రోడ్డులో సామాను కొనుక్కుని పోయేవాడు. మా మీద నమ్మకంతో పది టికెట్లు ముందే కొనిపెట్టుకున్నాడు. కంపెనీ ఆగిపోయిన రోజు కౌంటర్లో నేనే ఉన్నాను. మాకప్పటికి మూడు నెలల జీతాలు రాలేదు. ఆయన కోప్పడలేదు. 'అన్నా, రేపన్నా ఉంటుందా?' అని అడిగాడు. రేపూ ఉండదని నాకు తెలుసు. ఉండదన్నా అని చెప్పాను. మిగిలిన టికెట్ల డబ్బు ఇప్పించే అధికారం నాకు లేదు. ఆ మొహం నేను మర్చిపోలేదు.

రెండేళ్లకు ఆ ఊరికి ఇంకో కంపెనీ వచ్చింది, నేను అందులో చేరాను. ఆయనకు ఫోన్ చేశాను. ఏమన్నాడో తెలుసా? 'నేను బస్సుకే పోతాలే అన్నా. అది ఆగిపోదు' అన్నాడు. చూశారా? చిన్న కంపెనీలు రెండు కొట్టుకుని చచ్చిపోతే ఆ రెండే పోవు. విమానం మీద ఆ ఊరికున్న నమ్మకాన్ని కూడా తీసుకుపోతాయి. మూడోవాడు ఖాళీ సీట్లతో మొదలుపెట్టాల్సి వస్తుంది.

మరి ప్రభుత్వం చేసింది ఏమిటి? చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే ఉడాన్ పథకం. 2016లో ప్రకటించారు. 2017 ఏప్రిల్ 27న సిమ్లా–ఢిల్లీతో మొదలైంది. అదే రోజు మన కడప–హైదరాబాద్ కూడా మొదలైంది, చాలామందికి గుర్తుండదు. విమానంలో సుమారు సగం సీట్లకు గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితి పెట్టారు అప్పట్లో. నష్టాన్ని పూడ్చడానికి ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. ఆ డబ్బులో పెద్ద భాగం ఎక్కడిది? పెద్ద రూట్లలో ఎగిరే ప్రతి విమానం మీద లెవీ, అంటే అదనపు రుసుము, వేశారు. అంటే మీరు బెంగళూరు–ఢిల్లీ టికెట్ కొన్నప్పుడల్లా కడప విమానానికి కాస్త ఇచ్చారన్నమాట. మూడేళ్లు ఆ రూట్లో ఇంకొకరు రాకుండా హక్కు కూడా ఇచ్చారు. ఆ హక్కు మంచిదే. నేను ఇందాక చెప్పిన కొట్లాట జరగకుండా అడ్డుకుంటుంది.

కానీ హక్కు ఎవరికిచ్చారు? తక్కువ సాయం అడిగినవాడికి. మొదటి విడతలో ఐదు కంపెనీలకు 128 రూట్లు ఇస్తే, అందులో 50 ఎయిర్ ఒడిశాకు, 34 పాత పేరుతోనే మళ్లీ కొత్తగా పెట్టిన ఎయిర్ డెక్కన్‌కు పోయాయి. చేతిలో నాలుగు విమానాలు లేనివాళ్లకు అన్ని రూట్లు. వాటిలో చాలా భాగం నడవలేదు, తర్వాత రద్దు చేశారు. అన్నాళ్లూ ఆ ఊళ్లకు వేరేవాడు రావడానికీ వీల్లేదు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక చూడండి. మూడో విడత దాకా ఇచ్చిన 774 రూట్లలో 403 మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ పూర్తిచేసినవి 112. ఆ తర్వాత కూడా 2023 మార్చి నాటికి నిలబడినవి 54. ఏడు వందల డెబ్బై నాలుగులో యాభై నాలుగు!

ఈ అంకెలు చదివి పథకం దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. కర్నూలు వాళ్లు 2021 మార్చి 28కి ముందు విమానం ఎక్కాలంటే హైదరాబాద్ పోవాలి. ఓర్వకల్లులో ఆ రోజు విమానం దిగింది. అది చిన్న సంగతి కాదు. నా అభ్యంతరం వేరు. మూడేళ్ల హక్కు ఇచ్చేటప్పుడు డబ్బు ఒక్కటే చూశారు, టైము చూడలేదు. పొద్దున పదకొండింటికి ఊళ్లో దిగి, పదకొండున్నరకు బెంగళూరు పోయే విమానం ఎవరికి పనికొస్తుంది? ఆ ఊరి వ్యాపారి బెంగళూరు చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. రాత్రికి లాడ్జి. బెంగళూరు నుంచి పోయే ఇంజనీరుకీ అంతే. సీట్లు నిండవు. నిండలేదు కాబట్టి 'ఈ ఊరికి డిమాండ్ లేదు' అని రాస్తారు. డిమాండ్ లేక కాదు, టైము కుదరక. 2015 జూన్ 7న కడప విమానాశ్రయం తెరిచి బెంగళూరు విమానం మొదలైనప్పుడు నేను మా బంధువులందరికీ ఫోన్లు చేశాను. అందరూ సంతోషపడ్డారు. ఆ తర్వాత అందరూ అడిగిన మాట ఒకటే, టికెట్ ఎంత అని కాదు, 'పొద్దున పోయి సాయంత్రం రావచ్చా?'

విమానం రాత్రి చిన్న ఊళ్లో ఆగాలంటే ఏం కావాలి? రన్‌వేకి లైట్లు, రాత్రి దాకా పనిచేసే టవర్, ఫైర్ సిబ్బంది, ఒక ఇంజనీరు, పైలట్లకు గది. చాలా ఊళ్లలో టెర్మినల్‌కు పాలరాయి వేశారు, లైట్లకు డబ్బు లేదన్నారు. నాకు నిజంగా కోపం వచ్చేది అక్కడే.

ఒక చీటీ వచ్చింది, చదువుతాను. 'మా ఊరికి ఒక్క కంపెనీయే విమానం నడుపుతోంది, టికెట్ ధరలు పెంచుతున్నారు. రెండో కంపెనీ రావాలని ఇక్కడున్న మా ఊరివాళ్లం సంతకాలు సేకరిస్తున్నాం. మీరు సంతకం పెడతారా?' చీటీ పంపిన అమ్మాయి ఎక్కడ? ఆ, అక్కడున్నావా తల్లీ. ధర సంగతి నిజమే, ఒక్కడే ఉంటే పెంచుతాడు. పండగలకు మరీ పెంచుతాడు. సంతకం పెడతాను. కానీ ఆ కాగితంలో ఒక్క మాట మార్చాలి. 'రెండో కంపెనీ' అని ఉన్నచోట 'పొద్దున ఏడింటికి మా ఊరి నుంచి బయల్దేరే విమానం' అని రాయండి. ఏ కంపెనీ అయినా సరే, ఇప్పుడున్నదైనా సరే. దాని కింద ఇంకో వాక్యం కలపండి, రాత్రి దిగడానికి రన్‌వే లైట్లు కావాలని. మార్చి తీసుకురామ్మా, భోజనాల దగ్గరే ఉంటాను.